ఇంటి కంప్యూటర్‌కు దూరసాయం.. తాళంచెవి మాత్రం మీ దగ్గరే!

పొద్దున్నే పోయి పసుపుకు నీళ్లు కట్టి ఇంటికి వచ్చారు. బిడ్డ డిగ్రీ అడ్మిషన్ ఫారం నింపాలె. పీఎం కిసాన్ పైసలు పడ్డాయో లేదో చూడాలె. నిజామాబాద్ మార్కెట్‌లో పసుపు ఏ ధర పలికిందో తెలుసుకోవాలె. కంప్యూటర్ ముందు కూర్చున్నారో లేదో, తెర మీద ఏదో డబ్బా వచ్చి నిలబడ్డది. 'ఎస్' నొక్కాలా, 'నో' నొక్కాలా తెలియదు. తెలిసిన కొడుకు మేడ మీద గదిలో తన ల్యాప్‌టాప్‌తో ఉన్నాడు. లేదంటే పక్కింట్లో అన్న కొడుకు ఉన్నాడు. అతను లేచి రాకుండానే, తన కంప్యూటర్ నుంచే మీ తెర చూసి దారి చెప్పొచ్చు. మీరు సరేనంటే మీ మౌస్‌ను తానే నడిపి పని చేసిపెట్టొచ్చు. దీన్నే దూరసాయం అంటున్నాం. ఇంగ్లిషులో రిమోట్ అసిస్టెన్స్ అంటారు.

'పక్క గదికి లేచి రావడానికేం?' అని మీరు అడగొచ్చు. నిజమే, లేచి వస్తే సరిపోతుంది. కానీ ఆ కొడుకే రేపు చదువుకు హైదరాబాద్ పోతాడు, లేదా పని కోసం దుబాయి పోతాడు. గల్ఫ్‌కు పోయినవాళ్లు లేని ఊరు మన జిల్లాలో వెతికినా దొరకదు. అప్పుడు ఇంట్లో ముసలివాళ్లే మిగులుతారు. కొడుకు ఇంట్లో ఉన్నప్పుడే ఇది నేర్చుకుంటే దూరం పోయాక పనికొస్తుంది. దీనికంటే పెద్ద లాభం ఇంకోటుంది. ఇదే పనిముట్టుతో మోసగాళ్లు రైతుల ఖాతాలు ఖాళీ చేస్తున్నారు. అనుమతి అడిగే డబ్బా ఎట్లుంటదో, దాన్ని ఆపే బటన్ ఎక్కడుంటదో మన ఇంట్లో, మనవాళ్లతో ఒకసారి చూసుకుంటే, రేపు ఎవడో తెలియనివాడు ఫోన్ చేసి 'ఇది నొక్కండి' అన్నప్పుడు చేయి ఆగుతుంది.

కాగితం పోయి తెర వచ్చింది

బోధన్ శక్కర్‌నగర్‌లో 1937లో పుట్టిన నిజాం షుగర్స్ నడిచినన్నాళ్లు చెరుకు రైతు పని అంతా కాగితం మీదనే. చిట్టీ జేబులో ఉంటే ధీమా. 2015 డిసెంబరులో ఆ ఫ్యాక్టరీ మూతపడ్డది. చాలామంది చెరుకు వదిలి వరికి మళ్లారు. ఆ కాలంలోనే కాగితాలూ తెర మీదికి ఎక్కాయి. 2016 ఏప్రిల్ 14న ఈ-నామ్ మొదలైనప్పుడు తొలి విడత మార్కెట్లలో నిజామాబాద్ ఒకటి. భూమి రికార్డులు 2020 అక్టోబరులో ధరణిలోకి పోయాయి. 2025 ఏప్రిల్ నుంచి భూభారతి వచ్చింది. పీఎం కిసాన్ 2019లో మొదలైంది. దానికి ఈ-కేవైసీ కావాలన్నారు. ఎకరం ఉన్న రైతుకైనా, పదెకరాలున్న రైతుకైనా ఇప్పుడు తెరతో పని తప్పదు. చదువుకున్న మనిషి పక్కన లేకపోతే చిన్న పనికీ మండల కేంద్రానికి పోయి, చార్జీలు పెట్టుకొని, వరుసలో నిలబడాలె. కూలి కూడా పోతుంది.

దూరసాయం ఎట్లా పనిచేస్తుంది?

బోరు మోటారుకు మొబైల్ స్టార్టర్ పెట్టుకున్న రైతులకు ఇది చెప్పడం సులువు. మీరు ఇంట్లో కూర్చొని ఫోన్ చేస్తే పొలంలో మోటారు నడుస్తుంది. అక్కడ పెట్టెలో ఉన్న సిమ్ మీ నంబరును గుర్తుపట్టి స్టార్టర్‌ను కదిలిస్తుంది. నంబరు తెలియనివాడికి అది పలకదు. దూరసాయం కూడా ఇంతే. మీ కంప్యూటర్ తెర బొమ్మ తీగ మీదనో, వైఫై మీదనో అవతలి కంప్యూటర్‌కు పోతుంది. అవతలివాళ్లు కదిపిన మౌస్, కొట్టిన అక్షరాలు మీ కంప్యూటర్‌కు వస్తాయి. మధ్యలో తాళంగా ఒక పాస్‌వర్డ్ ఉంటుంది. ఆ పాస్‌వర్డ్ మీరు చెబితేనే తలుపు తెరుచుకుంటుంది.

ఇంకోమాట కూడా తెలుసుకోవాలె. ఇంటి నెట్‌వర్క్ వేరు, ఇంటర్నెట్ వేరు. నిజాంసాగర్ పెద్దకాలువ నుంచి తూము ద్వారా నీళ్లు మన పిల్లకాలువకు వస్తాయి. ఆ పిల్లకాలువ మీద పై మడి నుంచి కింది మడికి నీళ్లు పారించుకోవడానికి పెద్దకాలువ దాకా పోవాల్సిన పని లేదు. ఇంట్లో రౌటర్ పెట్టె ఆ తూము లాంటిది. దానికి ఇవతల మీ కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటే ఆ మాట బయటకు పోదు. అందుకే ఇంట్లో ఇంట్లో చేసే దూరసాయానికి నెట్ డేటా ఖర్చు కాదు. రీచార్జ్ అయిపోయినా, బయట లైను తెగినా రౌటర్‌కు కరెంటు ఉంటే చాలు, పని నడుస్తుంది.

ఏమేం కావాలి?

* విండోస్ ఉన్న రెండు కంప్యూటర్లు. ఒకటి డెస్క్‌టాప్, ఇంకోటి ల్యాప్‌టాప్ అయినా ఫరవాలేదు.
* రెండూ ఒకే రౌటర్‌కు, అంటే ఒకే వైఫై పేరుకు కలిసి ఉండాలి. రౌటర్ లేని ఇంట్లో ఫోన్ హాట్‌స్పాట్ పెట్టి రెండింటినీ దానికి కలిపినా చాలా ఫోన్లలో పని అవుతుంది.
* ఒక పెన్‌డ్రైవ్.
* పక్కన మాట్లాడుకోవడానికి ఫోన్. మేడ మీద, మేడ కింద అయితే కేక వేసినా సరిపోతుంది.

కొత్తగా ఏమీ కొనక్కర్లేదు. నెట్ నుంచి ఏ ప్రోగ్రామూ దించుకోవద్దు. ఈ పనిముట్టు విండోస్‌లోనే ఉంది. ఒక హెచ్చరిక: విండోస్ 10కి కంపెనీ ఉచితంగా ఇచ్చే మరమ్మతులు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. మీ కంప్యూటర్ విండోస్ 11ను మోయగలిగితే మార్చుకోవడం మంచిది. మోయలేకపోతే బ్యాంకు పనులు మాత్రం దాని మీద పెట్టుకోవద్దు.

ముందు చూసుకోవాల్సినవి

విత్తనం వేసేముందు దుక్కి సరిచూసుకున్నట్టు ఈ మూడూ ముందే చూసుకోవాలి.

ఒకటి: నెట్‌వర్క్ ఇంటిదని చెప్పాలి. సెట్టింగ్స్‌లో 'నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్' తెరిచి, మీ వైఫై 'ప్రాపర్టీస్'లోకి పోండి. అక్కడ 'పబ్లిక్', 'ప్రైవేట్' అని రెండు ఉంటాయి. ఇంటి వైఫై అయితే 'ప్రైవేట్' ఎంచుకోండి. 'పబ్లిక్' అని ఉంటే కంప్యూటర్ చుట్టూ గట్టు ఎత్తుగా కట్టుకుంటుంది, పక్క కంప్యూటర్‌ను కూడా రానివ్వదు. బస్టాండు, హోటలు, కాలేజీ వైఫైలకు మాత్రం 'పబ్లిక్' అనే ఉంచాలి. అక్కడ గట్టు ఎత్తుగా ఉండడమే మనకు క్షేమం.

రెండు: రెండూ ఒకే కాలువ మీద ఉన్నాయా చూడాలి. అదే ప్రాపర్టీస్ పేజీలో కిందికి వస్తే 'ఐపీవీ4 అడ్రస్' అని నాలుగు అంకెల గుంపులు ఉంటాయి. ఒకదానిలో 192.168.1.5 అని, ఇంకోదానిలో 192.168.1.8 అని ఉందనుకోండి. మొదటి మూడు గుంపులు కలిశాయి కాబట్టి సాధారణంగా రెండూ ఒకే కాలువ మీద ఉన్నట్టే. మొదటి గుంపులే వేరుగా ఉంటే ఏదో ఒకటి వేరే వైఫైకి కలిసి ఉంది.

మూడు: అనుమతి ఉందా చూడాలి. సాయం పొందే కంప్యూటర్‌లో కింద వెతికే డబ్బాలో 'రిమోట్ అసిస్టెన్స్' అని ఇంగ్లిషులో కొట్టండి. 'అలౌ రిమోట్ అసిస్టెన్స్ ఇన్విటేషన్స్' అని మొదలయ్యే వరుస వస్తుంది. దాన్ని నొక్కితే చిన్న కిటికీ తెరుచుకుంటుంది. అందులో రిమోట్ అసిస్టెన్స్ పక్కన టిక్కు ఉండాలి. దాని పక్కనే 'అడ్వాన్స్‌డ్' బటన్ ఉంది. పిలుపు ఎంతసేపు చెల్లాలో అక్కడ పెట్టుకోవచ్చు. మామూలుగా 6 గంటలు ఉంటుంది. ఇంటి పనికి ఒక్క గంట చాలు, తగ్గించుకోండి.

సాయం అడిగేవారు చేయాల్సింది

1. కీబోర్డు మీద విండోస్ గుర్తు ఉన్న మీటను, ఆర్ అక్షరాన్ని కలిపి నొక్కండి. చిన్న డబ్బా వస్తుంది. అందులో ఎమ్, ఎస్, ఆర్, ఏ అనే నాలుగు ఇంగ్లిషు అక్షరాలు ఖాళీ లేకుండా కొట్టి ఎంటర్ నొక్కండి.

2. రెండు వరుసలు వస్తాయి. మొదటిది 'మీరు నమ్మినవారిని సాయానికి పిలవండి' అని ఉంటుంది. దాన్ని నొక్కండి. 'నమ్మినవారిని' అన్న మాటను గమనించండి. అది ఊరికే రాసింది కాదు.

3. తర్వాత పిలుపును ఎట్లా పంపాలో అడుగుతుంది. 'ఫైలుగా దాచు' అన్నదాన్ని ఎంచుకోండి. ఆ ఫైలును పెన్‌డ్రైవ్‌లో దాచండి. 'ఈజీ కనెక్ట్' అని ఇంకో దారి కనబడుతుంది కానీ ఇప్పటి విండోస్‌లో అది సరిగ్గా కుదరడం లేదు. ఫైలు దారే నమ్మకం.

4. వెంటనే ఒక చిన్న కిటికీలో 12 అక్షరాల పాస్‌వర్డ్ కనబడుతుంది. దాన్ని నోటితోనే చెప్పండి, లేదా చీటీ మీద రాసివ్వండి. ఫైలు ఉన్న పెన్‌డ్రైవ్‌లోనే పాస్‌వర్డ్ కూడా రాసిపెట్టొద్దు. తాళం, తాళంచెవి ఒకే మూటలో కట్టొద్దు కదా.

5. ఆ చిన్న కిటికీని మూయొద్దు. మూస్తే పిలుపు రద్దవుతుంది. పక్కకు దించి పెట్టుకోవచ్చు.

సాయం చేసేవారు చేయాల్సింది

1. పెన్‌డ్రైవ్ పెట్టి ఆ ఫైలు మీద రెండుసార్లు నొక్కితే చాలు, పాస్‌వర్డ్ అడుగుతుంది. పెద్ద అక్షరం, చిన్న అక్షరం చూసుకొని సరిగ్గా కొట్టాలి.

2. ఇప్పుడు సాయం అడిగినవారి తెర మీద 'ఫలానావారు కలవడానికి ఒప్పుకుంటారా?' అని వస్తుంది. వారు 'ఎస్' అనాలి. ఆ తర్వాతే తెర కనబడుతుంది. పాస్‌వర్డ్ ఉన్నా ఈ ఒప్పుదల లేకపోతే లోపలికి రాలేరు. కలిశాక అడిగినవారి తెర మీద వెనక బొమ్మ నల్లగా మారొచ్చు. భయపడొద్దు, పని అయ్యాక మళ్లీ వస్తుంది.

3. ఇప్పటికి చూడడం మాత్రమే. మౌస్ నడపాలంటే పైన ఉన్న 'రిక్వెస్ట్ కంట్రోల్' నొక్కాలి. అవతల మళ్లీ ఒకసారి ఒప్పుదల అడుగుతుంది. ఆ డబ్బాలోనే ఒక చిన్న టిక్కు ఉంటుంది. అది పెడితే, కంప్యూటర్‌లో పెద్ద మార్పులకు అడిగే అనుమతికి కూడా సాయం చేసేవారే జవాబు చెప్పగలుగుతారు. కొడుకైనా సరే, మొదట్లో ఆ టిక్కు పెట్టకండి. అట్లాంటి అనుమతి వచ్చినప్పుడు అవతలివారికి తెర ఆగిపోతుంది. అప్పుడు ఇక్కడ ఉన్న మీరే చదివి 'ఎస్' నొక్కితే సరిపోతుంది.

4. పని అయ్యాక 'స్టాప్ షేరింగ్' నొక్కి, కిటికీ మూసేయాలి. పెన్‌డ్రైవ్‌లోని ఫైలు తీసేయాలి.

ఒక సలహా. సాయం చేసే పిల్లలు గబగబా నొక్కి 'అయిపోయింది బాపూ' అని లేవొద్దు. మొదటిసారి మీరు చేసి చూపండి. రెండోసారి మౌస్ పెద్దవాళ్ల చేతిలోనే ఉంచి, నోటితో దారి చెప్పండి. చూడడం మాత్రం చేసే ఏర్పాటు అందుకే ఉంది. అట్లయితేనే మూడోసారి పిలుపు రాదు.

కలవకపోతే ఏం చూడాలి?

* పాస్‌వర్డ్ సరిగ్గానే ఉన్నా కలవడం లేదు: అడిగినవారి నెట్‌వర్క్ 'పబ్లిక్'గా ఉందేమో చూడండి. తర్వాత ఫైర్‌వాల్‌లో 'రిమోట్ అసిస్టెన్స్' వరుసకు 'ప్రైవేట్' కింద టిక్కు ఉందో లేదో చూడండి. కలవడం లేదని ఫైర్‌వాల్ మొత్తం తీసేయకండి. నీళ్లు అందలేదని గట్టు తెంపుకున్నట్టవుతుంది.
* రెండూ ఒకే ఇంట్లో ఉన్నా ఒకదానికొకటి కనబడవు: ఒకటి 'గెస్ట్' వైఫైకి కలిసి ఉండొచ్చు. చాలా రౌటర్లలో అతిథుల వైఫైకి కలిసినవాటిని ఇంటి కంప్యూటర్లతో మాట్లాడనివ్వరు. రెండింటినీ అసలు వైఫైకి కలపండి.
* నిన్నటి ఫైలు ఈరోజు పనిచేయడం లేదు: గడువు తీరిపోయింది. కొత్త పిలుపు చేయండి. ఇది లోపం కాదు, రక్షణ.
* మధ్యలో తెగిపోతోంది: కరెంటు పోయి రౌటర్ ఆగిందేమో, వైఫై గోడల వెనక బలహీనంగా ఉందేమో చూడండి. డెస్క్‌టాప్‌ను రౌటర్‌కు తీగతో కలిపితే నిలకడగా ఉంటుంది.

'రిమోట్ డెస్క్‌టాప్' అనే ఇంకో ఏర్పాటు కూడా విండోస్‌లో ఉంది. ఇది దూరసాయం కాదు. అందులో అవతలివారు వస్తే ఇక్కడి తెరకు తాళం పడుతుంది, ఏం చేస్తున్నారో మీకు కనబడదు. విండోస్ హోమ్ రకం కంప్యూటర్‌లోకి దాంతో రావడమూ కుదరదు. ఇంటి సాయానికి దాని జోలికి పోవద్దు. ఎవరైనా రౌటర్‌లో 3389 అనే ద్వారం బయటికి తెరిచిపెడతామంటే ఒప్పుకోవద్దు. పెద్దకాలువ షట్టర్ ఎత్తి రాత్రంతా వదిలేసినట్టే. ఎవరైనా రావొచ్చు.

కొడుకు దూరం ఉంటే?

ఇంటి పిల్లకాలువ దాటి బయటికి పోవాలంటే ఇంటర్నెట్ కావాలి. దానికి విండోస్‌లో 'క్విక్ అసిస్ట్' ఉంది. కంట్రోల్, విండోస్, క్యూ మీటలు మూడూ కలిపి నొక్కితే తెరుచుకుంటుంది. ఇక్కడ వరుస తిరగబడుతుంది. సాయం చేసే కొడుకు తన మైక్రోసాఫ్ట్ ఖాతాతో లోపలికి పోయి 'హెల్ప్ సమ్‌వన్' నొక్కితే అతనికి ఒక చిన్న కోడ్ వస్తుంది. దాన్ని ఫోన్‌లో మీకు చెబుతాడు. మీరు మీ కంప్యూటర్‌లో కొట్టి, హెచ్చరిక చదివి, 'అలౌ' అనాలి. కోడ్ 10 నిమిషాలే చెల్లుతుంది. మౌస్ ఇవ్వాలా వద్దా అని మళ్లీ మిమ్మల్నే అడుగుతుంది.

జాగ్రత్త ఇక్కడే. ఇంట్లో ఇచ్చిన పిలుపు గోడలు దాటదు. ఇది ప్రపంచం ఏ మూలకైనా పోతుంది. కాబట్టి ఒకటే నియమం పెట్టుకోండి. ఫోన్ మీరే చేయాలి, కొడుకు గొంతు మీరు గుర్తుపట్టాలి, ఆ తర్వాతే కోడ్ కొట్టాలి. ఎవరో మీకు ఫోన్ చేసి కోడ్ చెబితే కొట్టొద్దు. ఆ కోడ్ ఎవరిదైతే వాళ్లే మీ కంప్యూటర్‌లోకి వస్తారు.

ఫోన్ సంగతి అయితే, 2023 ఆగస్టు నుంచి వాట్సాప్ వీడియో కాల్‌లోనే తెర చూపించే వీలుంది. అవతలివారు చూడగలరు కానీ మీ ఫోన్‌ను నడపలేరు. దారి చెప్పించుకోవడానికి ఇది చాలు. కానీ తెర చూపుతున్నప్పుడు వచ్చే ప్రతి మెసేజీ, ఓటీపీతో సహా, అవతల కనబడుతుంది. కాబట్టి తెర చూపుతూ ఫోన్‌పే, గూగుల్‌పే, బ్యాంకు యాప్ తెరవొద్దు. ముందు చూపడం ఆపి, ఆ తర్వాత తెరవాలి.

ఇదే దారిలో దొంగ వస్తే..

'సార్, పీఎం కిసాన్ ఆఫీసు నుంచి. మీ కేవైసీ ఆగిపోయింది. ఈ లింకు నొక్కండి, నేను చేసిపెడతా' అని ఫోన్ వస్తుంది. లేదా వాట్సాప్ గుంపులో పథకం పేరుతో ఏపీకే అనే రకం ఫైలు వస్తుంది. లేదా 'మీ కరెంటు బిల్లు కట్టలేదు, రాత్రికి లైను కట్ చేస్తాం' అంటారు. చివరికి అందరూ ఒక్క చోటికే తెస్తారు: ఎనీడెస్క్ లాంటి యాప్ వేసుకోమని, 9 అంకెలో 10 అంకెలో చెప్పమని, 'అలౌ' నొక్కమని. ఎనీడెస్క్ యాప్ తనంతట తాను దొంగది కాదు. పెద్ద కంపెనీలు కూడా వాడతాయి. తాళంచెవి ఎవరికి ఇచ్చామన్నదే సంగతి. ఈ రకం మోసం గురించి రిజర్వ్ బ్యాంకు 2019 ఫిబ్రవరిలోనే బ్యాంకులను హెచ్చరించింది.

మన రైతుకు దీని దెబ్బ గట్టిగా తగులుతుంది. వడ్లు అమ్మిన పైసలు, పసుపు అమ్మిన పైసలు, పంట రుణం అన్నీ ఒక్క ఖాతాలోనే పడతాయి. ఉద్యోగికి నెలనెలా జీతం వస్తుంది. రైతుకు పంట పైసలు ఏడాదికి ఒకటి రెండుసార్లే వస్తాయి. అవి పోతే ఎరువులకూ, కూలీలకూ మళ్లీ వడ్డీకి తేవాల్సిందే.

ప్రభుత్వ ఆఫీసైనా, బ్యాంకైనా మీ ఫోన్ తెర చూపించమని అడగదు. ఏ పథకం పైసలు రావడానికీ మీరు పిన్ నంబరు కొట్టనక్కర్లేదు. పిన్ కొట్టేది పైసలు పంపడానికే. ఈ రెండు మాటలు ఇంట్లో అందరికీ చెప్పండి, అమ్మలకు ముఖ్యంగా చెప్పండి.

మోసం జరిగిందని తెలిస్తే వెంటనే..

1. ముందు తీగ తెంపండి. ఫోన్‌లో డేటా, వైఫై రెండూ ఆపండి. కంప్యూటర్ అయితే రౌటర్ స్విచ్ తీసేయండి. నెట్ ఆగిన క్షణమే అవతలివాడి చేయి ఆగుతుంది.

2. ఇంకో ఫోన్ నుంచి 1930కి చేయండి. ఇది దేశమంతటికీ ఉన్న సైబర్ మోసాల నంబరు. పైసలు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు పోతుండగానే అక్కడి బ్యాంకులో ఆపించడానికి ఈ ఏర్పాటు ఉంది. అందుకే ప్రతి నిమిషమూ విలువైనదే. 'రేపు పొద్దున చూద్దాం' అంటే వాడు ఏటీఎంలో తీసేసుకుంటాడు.

3. బ్యాంకుకు చెప్పి కార్డు, యూపీఐ, నెట్ బ్యాంకింగ్ ఆపించండి. ఫిర్యాదు నంబరు రాసుకోండి.

4. వచ్చిన మెసేజీలు, ఫోన్ నంబర్లు, లావాదేవీ నంబర్లు తీసేయకుండా ఉంచండి. సైబర్‌క్రైమ్.గవ్.ఇన్‌లో గానీ, దగ్గరి పోలీస్ స్టేషన్‌లో గానీ ఫిర్యాదు ఇవ్వండి.

5. ఆ యాప్ తీసేయండి. ఏపీకే ఫైలు వేసుకొని ఉంటే ఫోన్ మొత్తం శుభ్రం చేయించి, పాస్‌వర్డులు వేరే ఫోన్ నుంచి మార్చుకోవాలి.

త్వరగా చెప్పడం ఎందుకంటే, 2017 జులై 6న రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన ఉత్తర్వులో లెక్క ఇట్లా ఉంది. తప్పు ఖాతాదారుదీ కాదు, బ్యాంకుదీ కాదు, మధ్యలో ఇంకెక్కడో జరిగిందనుకోండి. బ్యాంకు నుంచి సమాచారం అందిన 3 పనిదినాల్లోపు చెబితే ఖాతాదారు మీద భారం పడదు. ఖాతాదారే పిన్, ఓటీపీ లాంటివి చెప్పి ఉంటే, బ్యాంకుకు చెప్పేదాకా పోయినదంతా ఖాతాదారుదే. చెప్పిన తర్వాత పోయినది బ్యాంకు భరించాలి. అంటే మన తప్పున్నా సరే, చెప్పిన నిమిషం నుంచి రక్షణ మొదలవుతుంది. సిగ్గుపడి దాచుకుంటే ఆ రక్షణ కూడా పోతుంది. చదువుకున్న ఉద్యోగులూ మోసపోతున్నారు. మోసపోవడం నేరం కాదు. ఇంట్లో పెద్దవాళ్లు మోసపోతే పిల్లలు కసురుకోవద్దు. కసురుకుంటే రెండోసారి చెప్పరు.

రైతులు అడిగే సందేహాలు

కొడుకుకు ఎప్పుడూ రావడానికి వీలుగా శాశ్వత పాస్‌వర్డ్ పెట్టొచ్చా?
వద్దు. ఆ పాస్‌వర్డ్ కొడుకు దగ్గర నుంచి పోయినా మీ ఇల్లు తెరుచుకుంటుంది. పిలిచినప్పుడే రావడం, పని అయ్యాక తలుపు మూయడం మంచి పద్ధతి.

నెట్ సెంటర్‌లో పని చేయించుకుంటే?
అక్కడి కంప్యూటర్‌లో మీ ఖాతా తెరిస్తే లేచేముందు 'లాగౌట్' చేయించండి. పాస్‌వర్డ్ దాచుకోమంటావా అని అడిగితే 'నో' అనండి. ఓటీపీ మీ ఫోన్‌లో చూసి మీరే కొట్టండి. ఫోన్ వాళ్ల చేతికి ఇవ్వొద్దు.

పంటకు తెగులు వస్తే కూడా దూరసాయం దొరుకుతుందా?
దొరుకుతుంది. దానికి కంప్యూటర్ అక్కర్లేదు. కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కు ఫోన్ చేస్తే ఖర్చు లేకుండా తెలుగులోనే సలహా చెబుతారు. ఇది 2004 నుంచి నడుస్తోంది. చెరుకు, వరి రైతులకు రుద్రూరు పరిశోధన కేంద్రం దగ్గరిలోనే ఉంది. ఆకు చేతిలో పట్టుకొని పోతే ఇంకా మంచిది.

ఈ ఆదివారం చేసి చూడండి

పిల్లలు ఇంట్లో ఉన్న రోజు చూసుకొని అరగంట కూర్చోండి. పిలుపు ఒకసారి మీరు చేయండి, ఒకసారి మీ ఇంటావిడతో చేయించండి. తెర మీద ఒప్పుదల అడిగే డబ్బా వచ్చినప్పుడు కావాలని 'నో' నొక్కి చూడండి. ఏమీ పాడవదు. మధ్యలో 'స్టాప్ షేరింగ్' నొక్కి, అవతల ఏమవుతుందో పిల్లవాడి దగ్గరికి పోయి చూసి రండి. ఆ బటన్ మీ చేతిలో ఉన్నదని తెలిస్తే సగం భయం పోతుంది.

చివరగా 1930 నంబరును గోడ మీద, కరెంటు మీటరు పక్కన, పెద్ద అంకెలతో రాసిపెట్టండి. ఫోన్‌లో దాచుకుంటే సరిపోదు. ఆ ఫోనే దొంగ చేతిలో ఉన్నప్పుడు గోడ మీది నంబరే పనికొస్తుంది.